మా నాయన మిలిటరీ సర్వీసు: డిశ్చార్జి బుక్కు చెప్పేదీ, చెప్పనిదీ

దళితులు సైన్యంలో చేసిన సేవ గురించి రెండు రకాల రాతలు చూస్తున్నాం. ఒకటి అగ్రకుల చరిత్రకారులది. అందులో యుద్ధాలుంటాయి, సేనాధిపతులుంటారు, మనవాళ్ళు మాత్రం ఉండరు. రెండోది మనవాళ్ళు రాసుకుంటున్నది. అది 1818 జనవరి 1న భీమా కోరేగాం దగ్గర మొదలై, ఆ స్తంభం చుట్టూ తిరిగి, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆ స్తంభం మీద చెక్కిన మహర్ సిపాయిల పేర్లు మనకు కావాలి. 1927లో అంబేద్కర్ అక్కడికి వెళ్ళింది ఊరికే కాదు. కానీ పీష్వా సైన్యాన్ని ఎదిరించిన వీరుడు ఒక్కడే మనకు చాలా? పదిహేనేళ్ళో పదిహేడేళ్ళో గుంటలు తవ్వి, వంతెనలు కట్టి, ఒక ట్రంకు పెట్టెతో గూడేనికి తిరిగొచ్చిన మనుషుల మాటేమిటి? వాళ్ళు ఏం తెచ్చారు? ఊరు వాళ్ళను ఏం చేసింది?

మా నాయన అలాంటివాడే. గుంటూరు జిల్లా డెల్టాలో ఒక మాదిగపల్లె నుంచి 1969లో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో, అంటే మద్రాస్ సాపర్లనే పేరున్న దళంలో చేరాడు. 1986లో హవల్దారుగా పింఛను మీద బయటికొచ్చాడు. 2019లో చనిపోయాడు. సొంత తండ్రి గురించి రాస్తే అది పరిశోధన ఎట్లా అవుతుందని మమ్మల్ని అడిగినవాళ్ళున్నారు. తాత ముత్తాతల వంశావళులనే దేశచరిత్రగా అచ్చేసుకున్న కులాలవాళ్ళు ఈ ప్రశ్న వేయడం విచిత్రమే. మనకు శాసనాలు లేవు. పాత దస్తరాల్లో మన పేరు కనపడితే వెట్టి దగ్గరో, శిక్ష దగ్గరో కనపడుతుంది. మా ఇంట్లోకి వచ్చిన మొట్టమొదటి ప్రభుత్వ పుస్తకం మా నాయన డిశ్చార్జి బుక్కు. దాన్ని మేము ఒక శాసనంలాగే చదువుతున్నాం.

అందులో సర్వీసు నంబరు ఉంది, చేరిన తేదీ, దిగిన తేదీ ఉన్నాయి. పతకాల కింద పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ అని ఉంది. చదువు కింద, చేరినప్పుడు ఐదో తరగతి, దిగేటప్పటికి ఆర్మీ సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ అని ఉంది. నడవడిక 'ఎగ్జెంప్లరీ'. గుర్తింపు చిహ్నాల దగ్గర ఎడమ మోకాలి కింద మచ్చ అని రాశారు. ఆ మచ్చ ఎక్కడిదో రాసే కాలం ఆ పుస్తకంలో లేదు. పదేళ్ళ వయసులో ఒక పెద్దరైతు దగ్గర గొడ్లు కాసే జీతానికి ఉన్నప్పుడు, గేదె చేలో పడిందని ములుగర్రతో కొట్టిన దెబ్బ అది. ఆ పెద్దరైతు పెట్టిన గుర్తుతోనే భారత ప్రభుత్వం మా నాయన్ని పదిహేడేళ్ళు గుర్తుపట్టింది.

అసలు తెలుగు మాదిగ సైన్యంలోకి ఏ దారిన పోయాడో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1857లో ఢిల్లీ జనం కంపెనీ సిపాయిలను 'తిలంగా'లు అని పిలిచేవాళ్ళు. ఆ సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాల అగ్రకులాలవాళ్ళు. పేరు మాత్రం మనది. ఎందుకంటే ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు మొదట సిపాయిలను తయారుచేసింది ఈ కోరమాండల్ తీరంలో. మద్రాసు సైన్యంలో ముస్లింలు, తెలుగువాళ్ళు, తమిళులు ఉండేవాళ్ళు. వాళ్ళలో అంటరాని కులాలవాళ్ళూ ఉండేవాళ్ళు. 1857 తర్వాత లెక్క మారింది. యుద్ధజాతులు అనే ఒక సిద్ధాంతం పుట్టించారు. పంజాబీ, గూర్ఖా, పఠాను పుట్టుకతో వీరులట, దక్షిణాది వాడు మెత్తనివాడట. 1885 నుంచి 1893 దాకా సర్వసేనానిగా ఉన్న రాబర్ట్స్ ఈ వాదానికి పెద్ద దిక్కు. మద్రాసు పదాతి దళాలను ఒక్కొక్కటే కుదించుకుంటూ పోయారు. 1920ల చివరికి పాత మద్రాసు పదాతి దళాలు పూర్తిగా పోయాయి.

ఆ నరుకుడులో బతికి బయటపడింది మద్రాస్ సాపర్లు. సాపరంటే తుపాకీతో పాటు పార పట్టేవాడు. రోడ్డు వేయాలి, వంతెన కట్టాలి, కందకం తవ్వాలి, మందుపాతర తీయాలి, నీళ్ళు తేవాలి. ఈ దళంలో మొదటినుంచీ పరయర్లు, దేశీయ క్రైస్తవులు ఎక్కువ. ఎందుకో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మట్టిపని, బురదపని, భుజాన దుంగ మోసే పని మాకు వదిలేశారు. మిగిలిన తలుపులన్నీ మూసినా ఆ తలుపు మూయలేకపోయారు. యుద్ధజాతులతో యుద్ధం జరుగుతుందేమోగాని కందకం తవ్వబడదు కదా!

మహర్లకు ఆ మాత్రం సందు కూడా మిగల్లేదు. 1890ల మొదట్లో వాళ్ళ చేరికలు ఆపేశారు. అదే దశాబ్దంలో బాలుడైన అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారుగా పింఛను పుచ్చుకున్నాడు. ఆయన సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. కంపెనీ కాలం నుంచీ సిపాయిల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, సైన్యంలో చదువు తప్పనిసరిగా ఉండేదని అంబేద్కరే రాశాడు. ఈ విషయం మీద మనవాళ్ళ దృష్టి తక్కువ. కోరేగాం యుద్ధం ఒక రోజులో అయిపోయింది. కంటోన్మెంటు బడి మాత్రం మూడు తరాలు నడిచింది. ఆ బడి లేకపోతే సుబేదారు ఇంట్లో పుస్తకాలు ఉండేవి కావు. పుస్తకాలు లేకపోతే ఆ కొడుకు ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ దాకా వచ్చేవాడా అన్నది మా ప్రశ్న.

అయితే ఆ సుబేదారు పిల్లలకే 1901లో ఏమైందో కూడా అంబేద్కర్ రాశాడు. మంచి బట్టలు కట్టుకుని, తండ్రి ఉద్యోగం చేసే ఊరికి బయల్దేరి మసూరు స్టేషన్లో రైలు దిగారు. కులం తెలియగానే బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు బాడుగకు, పిల్లలే బండి తోలుకునే ఒప్పందం మీద ఒక బండి దొరికింది. టిఫిను డబ్బాల నిండా తిండి ఉన్నా తాగడానికి నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేక రాత్రంతా ఆకలితో పడుకున్నారు. తండ్రి హోదా స్టేషను ప్లాట్‌ఫారం దాటి రాలేదు. మా నాయన కథ చెప్పడానికి ముందు దీన్ని గుర్తుచేయడానికి కారణం ఉంది. అక్కడా ఇక్కడా తగాదా నీళ్ళ దగ్గరే.

మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టిన మనిషి, ఊళ్ళో నడిచేటప్పుడు మాత్రం తన చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. 1970లో నాయన మొదటి సెలవుకు వచ్చినప్పుడు తాత పలకరించకముందే కొడుకు బూటు విప్పించి తిరగేసి చూశాడట. మేకులు లెక్కపెట్టాడు, అంచు కుట్టు మీద గోరుతో గీశాడు. "ఇది మనోళ్ళ చెయ్యేరా" అన్నాడట. తాతకు కాన్పూరు తెలియదు. కాన్పూరులో 19వ శతాబ్దం నుంచీ సైన్యానికి బూట్లు, జీన్లు చేసిన తోలు ఫ్యాక్టరీలున్నాయనీ, వాటిలో పనిచేసిన చమార్ల మధ్యే 1920ల్లో స్వామి అఛూతానంద్ ఆదిహిందూ ఉద్యమం గట్టిపడిందనీ తెలియదు. కుట్టు చూసి చెప్పాడు. చరిత్ర శాఖలో పదేళ్ళుగా ఉన్న మాకు ఆ గోరుగీతంత సూక్ష్మంగా ఒక ఆధారాన్ని చదవడం ఇంకా రాలేదు.

ఆ బూట్లతో పెద్దబజార్లో నడిచినందుకు పెద్దరైతులు తాతను పిలిపించి, "నీ కొడుక్కి చెప్పుకో" అన్నారు. నాయన మిగిలిన సెలవంతా చేలగట్టు మీదుగా చుట్టు తిరిగి పల్లెలోకి వచ్చాడు. భయపడి కాదని మా అమ్మ అంటుంది. తాత అప్పుకాగితం వాళ్ళ దగ్గరుంది.

మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. 1971 డిసెంబరు 3 నుంచి పశ్చిమాన, షకర్‌గఢ్ సెక్టారులో. నాయన ఉన్న 9 ఇంజనీర్ రెజిమెంటు 54వ డివిజనుతో కలిసి ముందుకు పోయింది. బసంతర్ నదికి ఇవతలా అవతలా పాకిస్తాను సైన్యం మందుపాతరలు పరిచింది. డిసెంబరు 15 రాత్రి ట్యాంకులు దాటడానికి వాటి మధ్య దారి చేయాలి. సన్నటి ఇనుపచువ్వను ఏటవాలుగా నేలలోకి గుచ్చాలి, గట్టిగా తగిలితే ఆగాలి, వేళ్ళతో మట్టి తీయాలి. దారికి ఇరుపక్కలా తెల్లటేపు పరచాలి. ఇదంతా చీకట్లో, పైన షెల్లింగు జరుగుతుండగా. ఆ పనిలో ఉండగానే ఆ రెజిమెంటు మేజర్ విజయ్ రతన్ చౌదరి చనిపోయాడు. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. దారి పూర్తికాకముందే పూనా హార్స్ ట్యాంకులు పాతరల్లోంచే దూకి పోయాయి. వాటిలో ఒకదానిలో ఉన్న ఇరవై ఒక్క ఏళ్ళ అరుణ్ ఖేతర్‌పాల్‌కు మరణానంతరం పరమవీర్ చక్ర వచ్చింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్ళ ధైర్యాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. తెల్లటేపు పరిచిన చేతుల గురించి మాత్రం ఆ పుస్తకాలు ఒక వాక్యంతో సరిపెడతాయి.

నాయన ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. ఎంత అడిగినా, "చలి. వేళ్ళు మొద్దుబారిపోతే నోట్లో పెట్టుకుని వెచ్చజేసుకునేవాళ్ళం" అనేవాడు. ఆయన ఇష్టంగా చెప్పింది వేరే పని గురించి. యుద్ధం ఆగాక అతని సెక్షనుకు వాటర్ పాయింటు అప్పగించారు. కాలవకో బావికో పంపు పెట్టి నీళ్ళు తోడి, గుడ్డ ట్యాంకులో పోసి, పటిక వేసి తేర్చి, బ్లీచింగు కలిపి, వేళకు ఇవ్వాలి. డివిజనులో జాట్లు, రాజపుత్రులు, డోగ్రాలు, సిక్కులు, బ్రాహ్మలు అందరూ బక్కెట్లూ జెర్రీక్యాన్లూ పట్టుకొచ్చేవాళ్ళు. "నా చేత్తో కలిపిన నీళ్ళు తాగారు. ఒక్కడూ నీదే కులమని అడగలా. వాళ్ళకి నేను మద్రాసీని, అంతే." ఇది చెప్పేటప్పుడు నాయన గొంతు మారేది. పశ్చిమీ స్టార్ గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ అట్లా మారలేదు.

దీన్నిబట్టి సైన్యంలో కులం లేదనుకుంటే పొరపాటు. పాయిఖానాలు ఊడ్చే సఫాయివాలా ఉద్యోగానికి ఎవరు చేరారో, వంటింటికి ఎవరు చేరారో నాయనే చెప్పేవాడు. రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి రాజపుత్రులు, జాట్లు, జాట్ సిక్కులను మాత్రమే తీసుకుంటున్నామని 2013లో సుప్రీంకోర్టు ముందు సైన్యమే ఒప్పుకుంది. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి అయినా ఆయన వెనక గుర్రమెక్కడానికి ఆయన కులంవాడు పనికిరాడన్నమాట. సాయుధ దళాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు లేవు. 1943లో లేపి కోహిమా దాకా పంపిన చమార్ రెజిమెంటును 1946లో రద్దు చేశారు. ఇక 1971 యుద్ధం నాటి రక్షణమంత్రి జగ్జీవన్ రామ్. ఆయన మళ్ళీ రక్షణమంత్రిగా ఉండగానే 1978లో వారణాసిలో సంపూర్ణానంద్ విగ్రహం ఆవిష్కరిస్తే, ఆ విగ్రహాన్ని గంగనీళ్ళతో కడిగారు. మూడు దళాలు సెల్యూట్ చేసిన మనిషికే ఆ గతి పట్టింది. ఇంకోమాట కూడా అనాలి. అదే సైన్యం 1958 చట్టం నీడలో ఈశాన్యంలో ఊళ్ళ మీద ఏం చేసిందో మనం మరిచిపోకూడదు. మనవాళ్ళు ఆ యూనిఫాంలోనూ ఉన్నారు.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. అప్పటికి అది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మాదిగలు తాగే చెరువు నీళ్ళ దగ్గర గేదెల కుడితి బకెట్లు కడిగితే వద్దన్నందుకు మొదలైన తగువు అది. మున్నంగి సువార్త తన బిందె అడ్డం పెట్టింది. మర్నాడు కమ్మ భూస్వాములు పల్లె మీద పడి తరిమి తరిమి నరికారు. ఆరుగురు మాదిగలు చనిపోయారు, ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. ఆ నెలలో నాయన ఉత్తరాదిన ఒక క్యాంపులో నీళ్ళ ట్యాంకుల దగ్గరే ఉన్నాడు. పోస్టులో వారం ఆలస్యంగా వచ్చిన తెలుగు పేపర్లో చదివాడు. మా అమ్మకు రాసిన ఇన్‌లాండు లెటరు ఇంకా ఉంది. క్షేమసమాచారాల తర్వాత ఒక్కటే రాశాడు: చెరువుకు ఒంటరిగా పోవద్దు, పదిమందితో కలిసి పొమ్మని. ఇంకో ఏడాది సర్వీసు పెంచుకునే వీలుండి కూడా మరుసటేడు దిగిపోయాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఆ ఉత్తరమే కారణమని మా అభిప్రాయం.

దిగివచ్చాక ఊరు అతనికి పెట్టిన పేరు 'మిలిటరీ'. "ఏరా మిలిటరీ" అని పిలిచేవాళ్ళు. పేరుతో పిలవడం కన్నా అది నయమేనని అమ్మ అనుకునేది, నాయన అనుకోలేదు. 'రా' పోలేదు కదా అనేవాడు. క్యాంటీను కోటా రమ్ము సీసా మాత్రం మా ఇంటి పరువు పెంచింది. మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టని పెద్దమనుషులు చీకటిపడ్డాక పాలేరును పంపి ఆ సీసా తెప్పించుకునేవాళ్ళు. ఆల్కహాలుకు మైల అంటదేమో, శాస్త్రం తెలిసినవాళ్ళు చెప్పాలి! మాజీ సైనికుల కింద ఎకరంన్నర బంజరుకు పట్టా కూడా వచ్చింది. కాగితం వచ్చింది, భూమి రాలేదు. అప్పటికే దాన్ని సాగుచేసుకుంటున్న ఆసామి చేనుగట్టు ఒక్క అంగుళం జరగలేదు. కొలతకు రమ్మని ఇచ్చిన అర్జీల నకళ్ళు ఇరవై మూడు ఉన్నాయి మా దగ్గర. మిలిటరీలో నేర్చుకున్న చదువంతా ఆ అర్జీల్లో కనపడుతుంది. తేదీ, రిఫరెన్సు, విషయం, వినతి, అన్నీ పద్ధతిగా ఉంటాయి.

అర్జీల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. సైన్యంలో చేరికలు ఆపినప్పుడు మహర్ పెద్దలు చేసింది కూడా అర్జీలు పెట్టడమే. మాజీ హవల్దారు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో ఒకటి తయారుచేశాడు. శివరామ్ జాన్బా కాంబ్లే 1910లో ఇంకొకటి నడిపాడు. వాటి భాషలో విధేయత ఉంటుంది, ఒకప్పుడు మేమూ క్షత్రియులమే అనే వాదం ఉంటుంది. ఆ కాలానికి వేరే భాష లేదు, వాళ్ళను తప్పుపట్టం. 1941లో మహర్ రెజిమెంటు మళ్ళీ లేవడానికి అంబేద్కర్ చేసిన ఒత్తిడి వెనక ఈ అర్జీల బలం ఉంది. కానీ ఇవాళ కూడా మనం 'దేశం కోసం రక్తం ధారపోశాం, కాబట్టి మమ్మల్ని మనుషులుగా చూడండి' అనే వాదం ఎత్తుకుంటే చిక్కే. రక్తం ధారపోయని దళితుడి సంగతేమిటి? సువార్త ఏ రెజిమెంటులో పనిచేసిందని ఆమెకు చెరువు మీద హక్కు? మా నాయన ఇరవై మూడు అర్జీల్లోనూ యుద్ధం మాట ఎత్తలేదు. పట్టా నంబరు రాశాడు, సర్వే నంబరు రాశాడు.

మా ఇంటికి నిజంగా వచ్చింది పింఛను. 1986 నుంచి 2019 దాకా ముప్పైమూడేళ్ళు, ఆ తర్వాత అమ్మకు కుటుంబ పింఛను. మొదట్లో అది చిన్న మొత్తమే. కానీ నెలనెలా వచ్చేది, ఏ ఆసామి దయా అక్కర్లేకుండా వచ్చేది. మా పల్లెలో కూలి అడ్వాన్సు కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడని మొదటి ఇల్లు మాది. మొదటి ఏడాది పింఛనుతోనే తాత అప్పుకాగితం విడిపించారు. అక్కను ఏడో తరగతిలో మాన్పించలేదు. స్కాలర్‌షిప్పు ఏడాది ఆలస్యమైనప్పుడు హాస్టలు మెస్సుబిల్లు కట్టి మేము యూనివర్సిటీలో నిలబడగలిగింది ఆ డబ్బుతోనే. దళిత విద్యావంతుల పుట్టుక గురించి రాసేవాళ్ళు మిషన్ బడులు, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు, రిజర్వేషన్లు చూస్తారు. మిలిటరీ, రైల్వే పింఛన్లను కూడా ఆ లెక్కలో కలపాలి.

అందుకే 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్‌ను మేము దేశరక్షణ విషయంగా కాక మా ఇంటి విషయంగా చూస్తాం. నాలుగేళ్ళ సర్వీసు. నూటికి పాతికమందికి మించకుండా ఉంచుకుంటారు. మిగతావాళ్ళకు సేవానిధి పేరుతో సుమారు 11.71 లక్షల రూపాయలు ఇచ్చి పంపిస్తారు, పింఛను లేదు. మూడు రోజుల తర్వాత సికింద్రాబాదు స్టేషన్లో పిల్లలు రైళ్ళకు నిప్పుపెడితే కాల్పులు జరిగాయి, ఒక యువకుడు చనిపోయాడు. వాళ్ళకు దేశభక్తి చాలదని టీవీల్లో తిట్టినవాళ్ళ ఇళ్ళలో సిపాయిగా చేరిన కొడుకులు ఎందరో లెక్క తీయాలి. 1890ల్లో తలుపు మూసినప్పుడు మీరు వీరజాతి కాదన్నారు. ఇప్పుడు ఆ మాట అనడం లేదు. తలుపు తెరిచే ఉంది. పదిహేడేళ్ళు నిలబడే చోటు మాత్రం చాలామందికి లేదు. పొలమున్న ఇంటి కుర్రాడు నాలుగేళ్ళ తర్వాత ఆ సొమ్ముతో వ్యాపారం పెట్టుకోవచ్చు. మా పల్లె కుర్రాడికి ఆ సొమ్ము చెల్లెలి పెళ్ళికీ, ఇంటి కప్పుకీ పోతుంది. పాతికేళ్ళకే మాజీ సైనికుడై మళ్ళీ అదే గట్టు మీదికి వస్తాడు.

మేము ప్రస్తుతం బాపట్ల, గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో సాపర్లు, పయనీర్లు, మెడికల్ కోరు, సర్వీస్ కోరులో పనిచేసి వచ్చినవాళ్ళ డిశ్చార్జి బుక్కులు, మనియార్డరు రశీదులు, ఇన్‌లాండు ఉత్తరాలు, భూమి అర్జీల నకళ్ళు పోగుచేస్తున్నాం. పతకాలు, ఫొటోలు అందరూ దాచుకుంటారు. ఉత్తరాలూ అర్జీలే ఇల్లు మారినప్పుడు, ముసలివాళ్ళు పోయినప్పుడు పొయ్యిలోకి పోతున్నాయి. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులు, విద్యార్థులు, కార్యకర్తలు తమ పల్లెల్లో అడిగి చూడాలి. ముసలివాళ్ళు బతికుంటే యుద్ధం గురించి తర్వాత అడగండి. ముందు ఏ పని చేయించారో, వంట ఎవరు చేశారో, మొదటి జీతం ఇంటికి చేరాక ఏమైందో, సెలవుకు వచ్చినప్పుడు ఊళ్ళోకి ఏ దారిన నడిచారో అడగండి. పేర్లు వద్దంటే పేర్లు లేకుండానే రాసుకోండి. అసలు కాగితాలు వాళ్ళ దగ్గరే ఉంచి నకళ్ళు పంపితే చాలు.